నలభై ఐదు డిగ్రీలు

డాబా మీద హీట్ పంపు ఉలకదు, పలకదు. తెర మీద ఎర్ర అక్షరం ఒకటి వెలుగుతోంది. ఫ్యాను తిరగడం లేదు. ఫణీంద్ర దాని ముందు గొంతుకూర్చుని మెకానిక్ త్రిమూర్తులుకి ఫోన్ చేశాడు. టైము ఎనిమిదిన్నర. బండి పదకొండింటికి వస్తుంది. ఈలోగా నాన్నకి వేడినీళ్ళు కావాలి.

వీరభద్రరాజు గారు జన్మలో స్నానం చెయ్యకుండా గడప దాటిన మనిషి కాదు. అందులోనూ చన్నీళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడు, భీమవరంలో తెలిసినవాళ్ళెవరింట్లోనూ లేని ఈ మిషను తెప్పించారు. వచ్చినవాళ్ళందర్నీ డాబా ఎక్కించి మరీ చూపించారు. పొగ లేదు, మంట లేదు, గాలిలో ఉన్న వేడి లాక్కుని నీళ్ళకిస్తుందని చెప్పేవారు. ఎవరైనా నమ్మనట్టు నవ్వితే చెంబెడు నీళ్ళు వాళ్ళ చేతి మీద పోసేవారు.

అలాంటి మిషను కార్తీకంలో ఆగిపోయింది. బాగు చేయించరా అని ఆయన కొడుక్కి చెప్పారు. ఫణీంద్ర రేపన్నాడు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ రేపన్నాడు. వాడి రేపుకి తెల్లారడమంటూ ఉండదని ఇంటిల్లిపాదికీ తెలుసు. పది రోజుల కిందట, మంచు దట్టంగా కురిసిన పొద్దున, ఆయన విసిగిపోయి ఆ చన్నీళ్ళే నెత్తిన గుమ్మరించుకున్నారు. సాయంత్రానికి జ్వరం, మర్నాటికి ఛాతీలో నెమ్ము. అప్పుడు మంచమెక్కిన మనిషి మళ్ళీ దిగలేదు.

తప్పు తనదే. ఆ సంగతి ఫణీంద్రకి తెలుసు. తెలిసినా పొద్దుట్నుంచి ఏమీ అనిపించడం లేదు. ఇవాళ ఒక్కరోజైనా నాన్న ఒంటి మీద చన్నీళ్ళు పడకూడదు. బుర్రలో అదొక్కటే ఉంది.

త్రిమూర్తులు యానాంలో బావమరిది పెళ్ళిలో ఉన్నాడు. వెనక సన్నాయి వినిపిస్తోంది. సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు.

"సాయంత్రానికి అక్కర్లేదు," అన్నాడు ఫణీంద్ర.

"పెద్దాయన గానీ కేకలేశారేంటండి?"

"లేదు. ఏమీ అనలేదు."

త్రిమూర్తులుకి ఆశ్చర్యమే అయినట్టుంది. ఇంకేమీ అడక్కుండా ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ముందు మెయిన్ ఆపాలి. వెనక జాలీ ఊడదీసి కడగాలి. లోపలి రేకుల్ని మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికే తుడవాలి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. కింద చిన్న పైపు పూడుకుపోయిందేమో పుల్ల పెట్టి చూడాలి.

జాలీ ఊడదీస్తే గుప్పెడు బూడిద ఒళ్ళో పడింది. వీధి చివర రైసు మిల్లు ఊక బూడిద. రేకుల మధ్య అట్టకట్టుకుపోయి ఉంది. ఆ మాట చెబితే, ఊపిరాడకే ఆగిందండి, వేరే జబ్బేం లేదు అన్నాడు త్రిమూర్తులు. ఫణీంద్ర ఊఁ అని ఫోన్ పక్కన పెట్టాడు.

అరగంట పని అది. రెండు నెలల్లో ఏ ఆదివారమైనా అయిపోయేది.

కిందనుంచి బాబాయి పల్లంరాజు గారు రెండుసార్లు పిలిచారు. మూడోసారి తనే మెట్లెక్కి వచ్చారు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి కాగబెట్టేద్దాం, ఇప్పుడీ యాతన దేనికిరా అన్నారు. వద్దు బాబాయ్, ఇందులో నీళ్ళే పొయ్యాలి అన్నాడు ఫణీంద్ర. ఆయన పంచె ఎగగట్టి బకెట్టుతో నీళ్ళు అందించడం మొదలుపెట్టారు.

తొమ్మిదింబావుకి మెయిన్ వేశాడు. మూడు నిమిషాలు చప్పుడు లేదు. అప్పుడు ఫ్యాను తిరిగింది. మొహం మీద చల్లటి గాలి కొట్టింది. ఎర్ర అక్షరం పోయి ఇరవై నాలుగు కనపడింది. ఇదేం గీజరు కాదు, గబుక్కున కాగడానికి. దాని తీరిక దానిది. ఎంతకి పెట్టాలో ఫణీంద్రకి ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఐదు. అంతకి ఒక్క డిగ్రీ తగ్గితే ఆయన పెదవి విరిచేవారు, ఒక్కటి ఎక్కువైతే నేనేమన్నా కోడినట్రా ఉడకబెట్టడానికి అనేవారు.

కింద ఇల్లంతా జనం. పక్కింటివాళ్ళు ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చి అందరికీ పోస్తున్నారు. ఫణీంద్ర తల్లి సుబ్బాయమ్మ గారు కాఫీ ముట్టలేదు, భర్త పక్కనుంచి లేవలేదు. విశాఖ నుంచి వస్తున్న అతని చెల్లెలు కీర్తిప్రియ రైలు నిడదవోలు దాటిందని ఫోనొచ్చింది. ఆ పిల్ల రాగానే స్నానం కానిద్దాం అన్నారు పెద్దవాళ్ళు.

ముప్ఫై ఒకటి. ముప్ఫై ఎనిమిది. ఫణీంద్ర డాబా దిగలేదు. ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నాడు.

పదిన్నరకి కీర్తిప్రియ వచ్చింది. అన్న ఎక్కడని అడగలేదు, నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. అంకె నలభై ఐదు చూపించేసరికి పదకొండుకి పది నిమిషాలు. ఫణీంద్ర కిందికొచ్చి రెండు బకెట్లు నింపి పెరట్లోకి మోశాడు. అప్పటికే నలుగురూ చెయ్యేసి ఆయన్ని బల్ల మీదికి చేర్చారు.

ఫణీంద్ర మోచేత్తో నీళ్ళు చూసుకున్నాడు. చెంబుతో ముంచి తండ్రి పాదాల మీద మెల్లగా పోశాడు.

"వేడి సరిపోయిందా నాన్నా?" అని అడిగాడు.

పల్లంరాజు గారు వాడి భుజం మీద చెయ్యి వేసి, "సరిపోయిందిలేరా, తల మీద కూడా పోసెయ్, అవతల పాడె కట్టడం అయిపోయింది" అన్నారు.