బాత్రూము గుమ్మంలో ముగ్గు

"ఏమయ్యా, ముగ్గు తొక్కితే చూడు! కాలెత్తి దాటు!"

నంజమ్మ అరుపు సోగత్తూరు వీధి చివరిదాకా వినిపించింది. ఈ మధ్య ఆవిడకు ముగ్గుల పిచ్చి ముదిరిందని ఇరుగుపొరుగు అనుకుంటున్నారు.

ఆవిడ భర్త అంజనప్ప గుమ్మంలో ఆగి, ముగ్గు వంక బెదురుగా చూసి, కాలెత్తి దాటాడు. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినప్పటి నుంచి గుమ్మాల దగ్గర ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి. పోయిన నెల అలాగే పడి నుదురు పగలగొట్టుకున్నాడు.

ఇలాంటి రోగులు పడిపోకుండా ఏం చేయాలో పరిశోధిస్తున్న ఫిజియో అమ్మాయి ఆ రోజు ఆయన్ని చూడడానికి మళ్లీ వచ్చింది. వస్తూనే నేలంతా వెతికింది.

"అవ్వా, గీత కనిపిస్తే కాలు లేస్తుందని గుమ్మాలకు తెల్ల టేపులు అంటించినాను కదా. ఏవీ?"

"పీకి పారేసినాడు. 'నేనేమన్నా పసిబిడ్డనా?' అన్నాడు." నంజమ్మ గొంతు తగ్గించింది. "అందుకే చాక్‌పీసుతో ముగ్గు గీస్తా ఉండా. వంటింటికి, పడకగదికి, ఆఖరికి బాత్రూముకు కూడా. ముగ్గు తొక్కాలంటే ఆయప్పకు భయం. అది నీ టేపు పనే చేస్తా ఉందని పాపం తెలీదు. నువ్వూ చెప్పొద్దు."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

అప్పుడే బాత్రూము దగ్గర నుంచి అంజనప్ప పిలిచాడు.

"ఏమే, మాటల్లో పడి మరిచిపోయినావా? ఇక్కడ ముగ్గు నీళ్లకు చెరిగిపోయింది. కాలు లేవడం లేదు. ఒక గీత గీసి, తిట్టిపో."