దీక్షా శిబిరంలో సీఐడీ

"గాయన మళ్లొచ్చిండు మేడం!" జమున చెవిలో గొణిగింది సారవ్వ.

జమున పాఠం ఆపి చూసింది.

కాలేజీ గేటుకు తాళం. గేటుకు ఆనించిన నల్లబల్ల. దాని ముందు దీక్షా శిబిరం. టెంటు కింద చాపల మీద ఫైనలియర్ పిల్లలు. వాళ్ల వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఓ తెల్లమీసాల ముసలాయన.

నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. మాటా పలుకూ లేదు. వింటాడు, పోతాడు.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ వాలకం కొత్త కాదు. బొగ్గుబాయి మీద సమ్మె జరిగినా, గేటు మీటింగ్ జరిగినా, ఎవరికీ తెలియని మొహం ఒకటి వెనక కూర్చుని అన్నీ విని పోతుంది. పంపింది సర్కారు కావచ్చు, యజమాని కావచ్చు. ఇక్కడి జనం పెట్టిన పేరు మాత్రం ఒకటే.

సీఐడీ.

జమునకు రోత పుట్టింది. ఈ మధ్య ఏది చూసినా ఆమెకు అంతే. పొద్దున సంఘీభావమంటూ వచ్చిన నాయకులు ఫొటోలు దిగి, నిరాహార దీక్ష టెంటు వెనకే బిర్యానీ తిని, ఎముకలు అక్కడే పారేసి పోయారు. వాటి మీద ఈగలు ముసురుతున్నాయి.

అంతకంటే రోత కరస్పాండెంట్ విష్ణువర్ధన్. లెక్చరర్ల జీతాలు ఎగ్గొట్టాడు. పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశాడు. నష్టాలొచ్చాయి, కాలేజీ మూసేస్తున్నానన్నాడు. రేపు ఈ జాగాను ప్లాట్ల వ్యాపారికి రాసివ్వబోతున్నాడు.

ఆపడానికి ఉన్నది ఒకటే దారి. కొత్త చట్టం.

మునిగిపోయే కాలేజీని సర్కారు ప్రత్యేకాధికారి చేతిలో పెట్టి, జాగా అమ్మకుండా ఆపవచ్చు. కానీ అలా కావాలని అడగాల్సింది కాలేజీ పెట్టిన వ్యవస్థాపకుల్లో ఒకరు. పెద్దపల్లి కలెక్టరేట్‌కు స్వయంగా పోయి సంతకం పెట్టాలి. జాగా చేతులు మారకముందే, అంటే ఈ సాయంత్రంలోగా.

వ్యవస్థాపకుల్లో సగం మంది కాలం చేశారు. మిగిలినవాళ్లంతా విష్ణువర్ధన్ బంధువర్గం. సొంతవాణ్ని కాదని ఎవరొస్తారు?

"పొద్దుగాల గాయన విష్ణువర్ధన్ సారు ఇంట్లకెళ్లి రాంగ నేను జూసిన," అంది సారవ్వ. కాలేజీలో ఆమె ఆయా. ఆమె కన్ను తప్పు చూడదు.

ఆ మాట రాయమల్లు చెవిన పడింది. అతను బాయి యూనియన్ లీడర్. ఊళ్లో ఎక్కడ టెంటు వేస్తే అక్కడ ఉంటాడు. చాయ్ గ్లాసుతో లేచి ముసలాయన దగ్గరికి పోయాడు.

"ఏం పెద్దమనిషీ, అంతా మంచిగ యాదికున్నదా? మళ్లోపారి చెప్పమంటవా?"

పిల్లలు గొల్లున నవ్వారు.

ముసలాయన జమున వైపు చూశాడు. "జీతం రావడం లేదు కదమ్మా. మరి పాఠం ఎందుకు చెబుతున్నారు?"

"సిలబస్ కాలే. అందుకు."

"పిల్లల సర్టిఫికెట్లు నిజంగానే ఇవ్వలేదా?"

"మీ సారునే అడుగుండ్రి! తాళంచెవి ఆయన జేబులనే ఉన్నది."

"అడిగాను. ఇచ్చేశానన్నాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

"ఇగో, ఒప్పుకున్నడు! సారు మనిషే!" కేకపెట్టాడు రాయమల్లు. "మేడంలకు లేవు గని, నీకైతే జీతం టైముకు పడుతున్నట్టున్నది!"

చేతిలోని చాయ్ ఆయన చొక్కా మీద పోశాడు. కాలర్ పట్టి లేపాడు.

ముసలాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. జమున దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క మాటమ్మా. విడిగా..."

"నీతోని నాకేం మాటలు? గీ వయసుల గసుంటి కూడు తినుడెందుకు?"

థూ అని ఆయన కాళ్ల ముందే ఉమ్మేసింది. ఎన్నడూ ఎవరి ముందూ అలా చేసిన మనిషి కాదు. చేశాక కూడా ఆమెకు రోత తగ్గలేదు.

ఆయన తల వంచుకున్నాడు. "పెద్దపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందమ్మా?"

"చౌరస్తల. జల్ది నడువు!"

సాయంత్రమైంది. ఎక్కడి నుంచీ కబురు లేదు. రాయమల్లు మనుషులు టెంటు విప్పుకుపోయారు. జమున నల్లబల్ల తుడిచేసింది.

తెల్లారేసరికి గేటు ముందు జీపులు, పోలీసులు.

"కూలగొట్టనీకె వచ్చిండ్రు!" సారవ్వ శోకం పెట్టింది. పిల్లలు గేటుకు అడ్డంగా పడుకున్నారు.

జీపు దిగిన సంధ్యారాణి అనే అధికారిణి చేయెత్తింది. "లేవండమ్మా. నేను మీ కాలేజీ ప్రత్యేకాధికారిని. తాళం పగలగొట్టి గేటు తెరవడానికే వచ్చాం."

గేటు తెరుచుకుంది. బీరువా తెరుచుకుంది. పిల్లలు సర్టిఫికెట్లు గుండెకు హత్తుకున్నారు. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో రాయమల్లు, "ఇది మన పోరాట విజయం!" అంటూ మెడలో దండ తనే వేసుకుని ఫొటో దిగాడు.

జమున మొహం తిప్పుకుంది. "సంతకం ఎవరు పెట్టిండ్రు మేడం?"

"నరసింహమూర్తి గారని, వ్యవస్థాపకుల్లో ఒకరు. ఒకప్పుడు ఇక్కడి బొగ్గుబాయిలోనే ఇంజినీరట. రిటైరయ్యాక ఏలూరు వెళ్లిపోయి ఇరవై ఏళ్లు దాటిందట. పాపం తెల్లమీసాల పెద్దాయన, చొక్కా నిండా చాయ్ మరకలు. కడుక్కుని రండి సార్ అంటే, ముందు సంతకం అన్నారు."

జమున కొంగుతో నోరు తుడుచుకుంది. నిన్న ఉమ్మిన నోరు.

"ఆయన... ఇప్పుడేడున్నరు? కాళ్లు మొక్కాలె."

"నిన్ననే రైలెక్కేశారు. మళ్లీ ఈ ఊరు రానన్నారు."

"మా మీద కోపమొచ్చిందా?"

"మీ మీదా? మీరు టెంటులో చెప్పిన పాఠం గురించే అంతసేపూ మాట్లాడారు. ఇక ఈ ఊళ్లో తనకు దిగే ఇల్లు లేదన్నారు, అంతే."

"విష్ణువర్ధన్ సారు ఇంట్లనే కదా దిగిండ్రు?"

"ఇంకెక్కడ దిగుతారమ్మా?" అంది సంధ్యారాణి. "విష్ణువర్ధన్ ఆయన ఒక్కగానొక్క కొడుకు."