అరువు గొంతు

"ఒకటే షరతు. ఇక్కడ చేరాక మీ గొంతు మళ్ళీ స్టేజీ మీద వినబడకూడదు," అంది మేనేజరు, అపాయింట్‌మెంట్ ఆర్డరు పక్కన పెన్ను పెడుతూ.

నటి పెన్ను ముట్టుకోలేదు. సాయంత్రం రిహార్సల్ ఉంది. ఇన్నాళ్ళకి ఆమెకి కథంతా తన భుజాల మీద నడిచే వేషం దక్కింది.

"పూర్తిగా మానెయ్యాలా అండీ?"

"పూర్తిగా. అంత జీతం ఊరికే ఇస్తామా?"

జీతం మాట నిజమే. ఏడాదంతా ఊరూరా తిరిగి నాటకాలాడినా ఇక్కడ ఒక్క నెలలో వచ్చేదానికి సరితూగదు. పొద్దున బయల్దేరేటప్పుడు భర్త చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చెప్పులు అందిస్తూ, "అయితే పాపని ఆ స్కూల్లోనే ఉంచొచ్చన్నమాట," అని మాత్రం గొణిగాడు. ఆయన నోట అంత మాట రావడమే ఎక్కువ.

"సంతకం తర్వాత. ముందు మీ గొంతు చూద్దాం రండి," అంటూ మేనేజరు లేచింది.

నడవాకి రెండు వైపులా అద్దాల గదులు. ఒక్కో గదిలో ఒక్కో మనిషి, చెవులకి హెడ్‌ఫోన్లు. మాటలు బయటికి రావడం లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఒక గదిలో బుర్రమీసాల భారీమనిషి కుర్చీలో కాళ్ళాడిస్తూ, మూతి ముడిచి, చాక్లెట్ కోసం మారాం చేసే పిల్లాడిలా ముఖం పెట్టాడు. నటికి నవ్వొచ్చింది. ఆ వెంటనే, పని ఏమిటో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. పోయినవాళ్ళ గొంతుతో వాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ మీసాలాయన గొంతులో మారాం చేస్తున్న పిల్లాడు ఇక లేడు.

చివరి గదిలో ఆమెని మైకు ముందు కూర్చోబెట్టారు.

"ఎవరి గొంతు చెయ్యమంటారు?"

"ముందు మీ గొంతే. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి."

నటి మొదట తడబడింది. తర్వాత మాటలు వాటంతట అవే వచ్చేశాయి. కూతురు బ్రష్ తడిపి పళ్ళు తోముకున్నానని కోసే కోతలు, భర్త గురక పెట్టి, పొద్దున లేచి పెట్టలేదని వాదించడం. అద్దం అవతల మేనేజరు 'ఇంకా, ఇంకా' అన్నట్టు చెయ్యి ఊపుతోంది.

"కోపమొస్తే పాపని ఎలా పిలుస్తారు? నిద్రపుచ్చేటప్పుడో? మీ ఆయన అలిగితే?"

అడిగినవన్నీ చేసి చూపించింది నటి. మెచ్చుకుంటూ వినే మనిషి దొరికితే ఏ నటికైనా ఒళ్ళు తెలియదు.

"ఇక అసలు పరీక్ష," అంటూ మేనేజరు ఒక ముసలావిడ గొంతు వినిపించింది. కాస్త బొంగురు, మాట చివర చిన్న దీర్ఘం. నటికి ఇట్టే పట్టుబడింది. లైను కలిపారు.

"అమ్మా?" ఎవరో నడివయసు మనిషి గొంతు.

"నేనేరా నాన్నా. తిన్నావా?"

అటువైపు ఏడుపు. చాలాసేపటికి, "ఇంటికెప్పుడొస్తావే?" అన్నాడు.

ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఆ గొంతే జవాబిచ్చింది. "వస్తానురా."

"అయితే తలుపు గడియ పెట్టనే అమ్మా."

నటి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది.

"నావల్ల కాదండీ."

"అదేంటి? అచ్చు దిగిపోయింది కదా!"

"నేను స్టేజీ మీద చచ్చిపడిపోయినా, తెర దించాక లేస్తానని చూసేవాళ్ళకి తెలుసు. ఈయన తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటాడు. ఆ ఉసురు నాకొద్దు."

బతిమాలుతుందనుకుంది. మేనేజరు మాత్రం నవ్వి, "మీ ఇష్టమమ్మా. బలవంతమేముంది?" అని లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది.

రోడ్డు మీదికి రాగానే నెత్తిమీంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఇంటికి చేద్దామంటే ఫోన్‌లో చార్జింగ్ లేదు. తిన్నగా రిహార్సల్ హాలుకి నడిచింది.

"వద్దని చెప్పేసి వచ్చాను మాస్టారూ!"

దర్శకుడి ముఖం వెలిగింది, అంతలోనే చిట్లించాడు. "మంచిపని చేశావు గానీ, ఆ గొంతేంటమ్మా? ఎవరో మాట్లాడుతున్నారనుకున్నాను."

నిజమే. మాట తన నోట్లోంచే వస్తోంది, చెవులకి మాత్రం పరాయిగా ఉంది. "ఆ ఏసీ గదిలో వాగీ వాగీ ఇలా అయింది. ఇంటికి ఒక్క ఫోన్ చేసి వస్తాను."

ఆఫీసు గదిలో ఫోన్ అందుకుని, భర్తకి ఎలా చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూ ఇంటి నంబరు నొక్కింది. ఆయన అరవడు, అలుగుతాడు. రెండు రోజులు బుజ్జగిస్తే దారిలో పడతాడు.

"హలో, ఎవరండీ?" కూతురు.

"నేనేరా బుజ్జులూ. నాన్నకివ్వు."



"మీరెవరు ఆంటీ?"

"అమ్మనే! ఆటలాపి నాన్నని పిలు."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ వెనక, దూరంగా కూతురి గొంతు వినిపించింది.

"నాన్నా, ఎవరో ఆంటీ అమ్మనంటోంది. నువ్వు సెల్లులో అమ్మతో మాట్లాడ్డం అయ్యాక, ఓసారి ఇటొస్తావా?"