ముసుగాయన చివరి మాట

"టేపు పెట్టు" అన్నాడు ఆఫీసరు.

వీరన్న చేతిలోంచి టేపు రెండుసార్లు కిందపడింది. రంగూన్ బోటాటౌంగ్ పేటలో ఆ వీడియో హాలు మూతపడి నెల దాటింది. ఊరు మిలిటరీ చేతికి పోయాక తలుపు తీయడం ఇవాళే. అదీ ముగ్గురు సిపాయిలు వెనక నిలబడి తీయించారు.

ఆ హాల్లో వీరన్నది కథ చెప్పే పని. సినిమా బొమ్మల టేపులు ఓడల్లో దొంగచాటుగా వచ్చేవి, అన్నీ ఇంగ్లీషు. ఆ భాష తెలిసినవాళ్ళు పేటకొకరు మిగిలితే గొప్ప. అందుకని వీరన్న టీవీ పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, తెరమీద ఎవరేమంటున్నారో బర్మా మాటలో చెప్పేవాడు. మనవాళ్ళ కోసం మధ్యలో కాస్త తెలుగు కలిపేవాడు. ఎగిరే ముసుగాయన బొమ్మకైతే జనం కిటికీలు పట్టుకుని వేళ్ళాడేవారు.

బొమ్మ అయ్యాక టీకొట్లో కొట్లాట.

"ఎగిరీవోడికి ముసుగెందుకు? ఆ దుష్టుడే నయం, మొగం దాసుకోడు" అనేవాడు రేవులో పనిచేసే రాంబాబు.

"గాలిపటం కూడా ఎగురుద్ది. ఎగిరితే కతైపోద్దేటి?" అని కసిరేది ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే రాధారాణి పంతులమ్మ. "సివర్న ముసుగు తీసి మాటాడతాడు సూడు. అక్కడుంది కత."

ఆ బొమ్మ ఆవిడ పదకొండుసార్లు చూసింది. ఎప్పుడూ ముందు బెంచీ, వీరన్న నిలబడే వైపే. బొమ్మకి పెట్టినన్ని వంకలు అతనికీ పెట్టేది. "కిళ్ళీ ఉమ్మేసొచ్చి సెప్పు. ఆ మీసం కత్తిరించుకో, నోట్లోకి దిగిపోతంది."

చివర్న ముసుగు తీసి ఆ వీరుడు అనేది ఇది: "నేనొక్కణ్ణి. మీరు లక్షమంది. మీకు ముసుగు అక్కర్లేదు, రోడ్డెక్కండి."

ఆగస్టులో కుర్రకారు అదే అరుస్తూ రోడ్డెక్కింది. పట్టుబడ్డవాళ్ళలో ఇద్దరు, ఎవరు నేర్పారని కొడితే, సినిమాలో ముసుగాయన చెప్పాడన్నారు.

"ఆ మాట టేపులో ఉంటే టేపు తగలబెట్టి పోతాను" అన్నాడు ఆఫీసరు. "లేకపోతే నువ్వు కల్పించినట్టు. నిన్ను తీసుకుపోతాను."

వీరన్నకి ఇంగ్లీషు రాదు. క్రేను దగ్గర కూలికి పోయిన రోజుల్లో నేర్చిన 'స్టాప్', 'స్లో' తప్ప ఒక్క ముక్క తెలియదు. మొహాలు చూసి, చేతులూపడం చూసి, కథంతా తనే అల్లాడు. ఆ చివరి మాట మరీ తనదే. ఈ నెలలో తీసుకుపోయినవాళ్ళెవరూ ఇంకా ఇంటికి రాలేదు.

"ఈ పేటలో ఇంగ్లీషు ఎవరికొచ్చు?" అన్నాడు ఆఫీసరు.

పేట పెద్ద ఒక్క పేరే చెప్పాడు. వీరన్నకి ఉన్న ఆశ కూడా పోయింది. సొంత చెల్లెలి కొడుకుని ఒక్క మార్కు తక్కువైందని పరీక్ష తప్పించిన మనిషి రాధారాణి. ఆవిడ నోట అబద్ధం రాదు.

గొడుగు పట్టుకుని ఆవిడ వచ్చింది. అందరూ నేల చూపులు చూస్తుంటే ఆవిడ మాత్రం ఆఫీసరు మొహంలోకి సూటిగా చూసింది.

"సయామా," అని బర్మాలో పంతులమ్మని పిలిచినట్టు పిలిచాడు ఆఫీసరు. "పంతులమ్మలంటే నాకు గౌరవం. తెరమీద వాడు ఏమంటే అది మాకు బర్మాలో చెప్పండి. ఒక్క మాట తేడా వచ్చినా మీరూ మాతో వస్తారు."

ఆవిడ తల ఊపి ముందు బెంచీ మీద కూర్చుంది.

చివరి ఘట్టం వచ్చింది. బయట ఎక్కడో దగ్గర్లోనే తుపాకీ పేలింది. సిపాయిలు సైతం ఉలిక్కిపడ్డారు. పంతులమ్మ రెప్ప కూడా వేయలేదు. ఏం గుండె ఈవిడది, అనుకున్నాడు వీరన్న.

తెరమీద ముసుగు తొలగింది.

"నేనొక్కణ్ణి" అంది రాధారాణి, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో. "మీరు లక్షమంది. మీకు ముసుగు అక్కర్లేదు, రోడ్డెక్కండి."

ఆఫీసరు టీవీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "వాడు నోరు తెరవకముందే చెప్పేశారేం?"

"పదకొండుసార్లు చూశాను. కంఠతా వచ్చు."

అతను ఆవిణ్ణి కాసేపు తేరిపార చూశాడు. తర్వాత టేపు ఊడబీకి, వాకిట్లో తగలబెట్టించి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటిదారిలో ఆవిడ ముందు, వీరన్న వెనక.

"అమ్మగారూ, నా పేనం నిలబెట్టీసినారు. నాకోసరం అబద్దం ఆడినారు."

ఆవిడ పలకలేదు. కోపం వచ్చిందనుకున్నాడు. గుమ్మం దగ్గర ఎదురుగా వెళ్ళి, చేతులు జోడించి, అదే మాట మళ్ళీ అన్నాడు.

"అబద్దమేటి?" ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనెప్పుడైనా ఆడానా? ఆ ముసుగోడు ఏటన్నాడో అదే సెప్పాను." విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

వీరన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తన బుర్రలో పుట్టిన మాట ఆ టేపులో ఎలా ఉంటుంది?

"అమ్మగారూ, నిజింగా అదే మాటా? టేపులో మీరే ఇన్నారా?" అని వెనకనుంచి అరిచాడు. ఆవిడ తిరిగి చూడలేదు.

మనవరాలు తార గబగబా గుమ్మంలోకి వచ్చింది. వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ట్యూషన్లు పోతాయని దాసింది, ఎవరికీ సెప్పకు బాబాయ్... మామ్మకి సెవులు ఇనబడక ఆరేళ్ళయింది."