యంత్రం తప్పు చెయ్యదట

కొరియాలోని చాంగ్వన్‌లో ఒక ఫ్యాక్టరీలో రోబో చెయ్యి తగిలి తేహో అనే కార్మికుడు చనిపోయాడని ఆ ఫ్యాక్టరీ దగ్గర్లోని హోటల్ టీవీలో వార్త వచ్చింది.

"యంత్రం తప్పు చెయ్యదు," అన్నాడు అక్కడ తింటున్న ప్యో, సూప్‌లో అన్నం కలుపుకుంటూ. "ఫోన్ చూసుకుంటూ దాని కిందికి వెళ్లుంటాడు. ఈ కాలం కుర్రాళ్లంతా ఇంతే."

"సరిగ్గా చెప్పావన్నా," అన్నాడు పక్కనున్న స్నేహితుడు.

హోటల్ నడిపే ఓక్‌బున్ ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి, ప్యో ముందు పెట్టింది.

"తేహో ఫోన్ ఇదే. పొద్దున ఇక్కడ తిని మర్చిపోయి వెళ్లాడు."

ప్యో చెంచా కింద పెట్టాడు.

"గంట నుంచీ వాళ్లావిడ చేస్తూనే ఉంది. పరాయి ఫోనని నేనెత్తలేదు. ఇప్పుడేమో ఎత్తడానికి చేతులు రావడం లేదు. మీరెత్తండి ప్యో గారూ. ఇందాకటి మాట ఆమెతో కూడా అనండి."

ఫోన్ మళ్లీ మోగింది. ప్యో చూపు టీవీకేసి తిప్పుకున్నాడు. అక్కడ అప్పటికే రేపటి ఎండ గురించి చెబుతున్నారు.