సున్నా పెడితే

"సున్నా ఎందుకు పెట్టావు దినేశ్?"

టీమ్ లీడ్ స్టెల్లా గొంతుకి హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. తెలంగాణ బంద్ ముగిసి హైటెక్ సిటీ తెరుచుకున్న మొదటి రోజు. పొద్దుట్నుంచి క్లయింటు ఆర్డరు ఒక్కటీ కదలడం లేదు.

దినేశ్ తన తెర మీది ఆ సున్నా వైపు చూశాడు.

"డేటాబేస్‌కి ఒకేసారి పది కనెక్షన్లే ఇచ్చాం. పని మీద వెళ్లిన కనెక్షన్ తిరిగి రావాలి. రాకపోతే దానికోసం ఎంతసేపు ఆగాలో మనమే చెప్పాలి. సున్నా పెడితే ఎప్పటికీ ఆగుతూనే ఉంటుంది. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు మేడం. ఆగితే వస్తదేమో అనుకున్న."

"బాగుంది! మీ ఉద్యమమని వారం రోజులు మాయమైపోయి, వచ్చి చేసిన పని ఇదా?"

"ఉద్యమానికి పోలే మేడం. మా తమ్ముని దేవులాడనీకి పోయిన."

స్టెల్లా అతని మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"ర్యాలీకి పోయొస్తనని పోయిండు. ఠాణాల లేడు, దవాఖానల లేడు. ఇంట్ల ఫోన్ ఎవ్వర్నీ ముట్టనిస్తలేదు మా అమ్మ. వాడు చేసినప్పుడు ఎంగేజ్ వస్తదంట."

అతను తెర మీది సున్నాని చెరిపేశాడు. ఖాళీ గడిలో కర్సర్ కొట్టుకుంటోంది.

"చెప్పుండ్రి మేడం, ఎంత పెట్టమంటరు? ఎంతసేపు చూసి, ఇగ రాడనుకోవాలె?"

ముప్పై సెకన్లు పెట్టమని చెప్పడానికే స్టెల్లా అతని దగ్గరికి వచ్చింది. ఆ మాట వదిలేసి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.