ఉక్కురెక్క ఏడో సంచిక

నందిగామ బస్టాండు ఎదుట అద్దె పుస్తకాల షాపులో భవానీప్రసాద్ గొప్పలు పోయాడు.

"ఉక్కురెక్క ఆరు సంచికలూ మా ఇంట్లో ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేవు."

డెబ్భై ఒకటి యుద్ధం రోజుల్లో మద్రాసు నుంచి వచ్చిన బొమ్మల పుస్తకం అది. అందులో జవాను ఉక్కు రెక్కలు తొడుక్కుని శత్రు విమానాలకు ఎదురెళతాడు. ఏడేళ్లు గడిచినా, జగ్గయ్యపేటలో బట్టల కొట్టుకు యజమాని అయినా, భవానీప్రసాద్‌కు ఆ పిచ్చి వదల్లేదు. మూడో సంచిక ఒకసారి వానలో తడిసి ముద్దయితే ఆరబెట్టి మరీ దాచుకున్నాడు. అదృష్టం, రంగు ఇసుమంతైనా చెదరలేదు.

షాపు నడిపే ప్రేమానందం ఊరికి కొత్త.

"ఆరోదాంట్లో శత్రువులకి చిక్కుతాడు కదండీ" అన్నాడు.

"ఆ తర్వాత ఏమయ్యాడో తెలీక చస్తున్నా. ఏడోది ఎక్కడా దొరకలా."

ప్రేమానందం ఆయన మొహంలోకి కాసేపు చూశాడు.

"నా దగ్గరుందండి. వచ్చే ఆదివారం రండి, చూపిస్తా."

సంతోషించాల్సిన మాటే. భవానీప్రసాద్‌కు మాత్రం కడుపు రగిలిపోయింది. తనకు లేనిది ఈ అద్దె పుస్తకాలవాడికెలా వచ్చింది?

ఆదివారం ప్రేమానందం బల్లకు అవతలే పుస్తకం పెట్టుకుని, తనే పేజీలు తిప్పాడు.

"ముట్టుకోవద్దండీ."

నాలుగు పేజీలు చూపించి మూసేశాడు.

"మిగతాది?"

"పై వారం."

"అమ్మెయ్యండి. ఎంతైనా ఇస్తా."

"ఇది అమ్మేది కాదండీ."

ప్రతి ఆదివారం ఇదే వరస. మూడు పేజీలో, నాలుగు పేజీలో చూపించడం, మూసెయ్యడం. ఊరించి చంపుతున్నాడని భవానీప్రసాద్ పళ్లు నూరుకునేవాడు. అయినా వారం తిరిగేసరికి బస్సెక్కేవాడు.

ఇంటిదగ్గర స్నేహితుడు బసవయ్య ఊరుకుంటాడా?

"ఏడోది లేకపోతే నీది సెట్టు ఎట్టా అవుద్దిరా? ఇక పేరంతా ఆ నందిగామాయనదే."

ఆ రోజు నుంచి భవానీప్రసాద్‌కు అన్నం సయించలేదు. తన పెట్టెలోని ఆరు సంచికలు చూసుకున్నా సంతోషం లేదు. ప్రేమానందం మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

మరుసటి ఆదివారం ప్రేమానందం నవ్వుతూ ఎదురొచ్చాడు. టీ తెప్పించి, బల్ల మీద పుస్తకం తెరిచాడు.

"ఇంకొక్క పేజీయేనండీ. పై వారానికి అయిపోద్ది."

ఆ నవ్వు భవానీప్రసాద్‌కు వెక్కిరింతలా తోచింది. నాకు లేనిది వీడికీ ఉండకూడదు అనుకున్నాడు.

మోచెయ్యి కదిపాడు. గ్లాసెడు టీ పుస్తకం మీద పడింది.

"అయ్యో, చూసుకోలా" అంటూ జేబురుమాలు తీసి, తుడుస్తున్నట్టు పేజీలన్నీ పులిమాడు.

ప్రేమానందం తడిసిన పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"పర్లేదులెండి" అన్నాడు.

బస్సులో భవానీప్రసాద్‌కు ప్రాణం హాయిగా ఉంది. చిల్లకల్లు దాటాక మొహం తుడుచుకుందామని రుమాలు తీశాడు.

రుమాలు నిండా ఎరుపు, నీలం.

వానలో నానిన మూడో సంచిక గుర్తొచ్చింది. దానికి లేని కరుగుడు దీనికెక్కడిది? ఆ అనుమానం ఆయన్ని ఊరికే ఉండనివ్వలేదు. మర్నాడు కొట్టు పనివాళ్లకు వదిలి మళ్లీ నందిగామ వెళ్లాడు.

షాపు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఎవరో పెద్దాయన అరలు ఖాళీ చేస్తున్నాడు.

"ప్రేమానందంగారు లేరా అండీ?"

"పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడండీ. నా పేరు అచ్చయ్య, ఈ గది నాదే. రంగు సీసాలన్నీ కాలవలో పారబోసి మరీ పోయాడు, పిచ్చి మనిషి."

"రంగులేంటండీ?"

"బొమ్మలేసేవాడు కదండీ. మద్రాసులో ఎవరో ఉక్కురెక్క అంట, వాడి బొమ్మలన్నీ ఈయన చేతివేనంట. ఆరు పుస్తకాలతో కంపెనీ మూతబడింది. ఏడోది అసలు అచ్చే కాలేదంట."



అచ్చయ్య అర మీది కాగితమొకటి తీసి చూపించాడు. ఉక్కురెక్క సొంత గడ్డ మీద దిగుతున్నాడు. ఒక రెక్కకు ఇంకా రంగు వెయ్యలేదు.

"ఇదొక్కటే వదిలి పోయాడండీ. ఇన్నేళ్లకి తన బొమ్మ కోసం అడిగిన మనిషి దొరికాడని, ఆయన కోసమే వారం వారం వేస్తున్నానని, పూర్తవగానే ఆయన చేతుల్లో పెడతానని ఎంత సంబరపడేవాడో. జగ్గయ్యపేటాయనంట, మీకేమన్నా తెలుసా అండీ?"